నీటిని పట్టే పొడి కథ



ఈ పూట మీకొక పొడి కథ చెప్పదలచాను. చూడటానికి అది పంచదార పలుకుల వలె ఉంటుంది. చిన్న చెంచాడు పొడిని గ్లాసుడు మంచి నీళ్ళలో వేసి కాసేపు ఆగితే గ్లాసులో నీళ్ళు కనబడవు. ఉడికిన సగ్గుబియ్యం వలె మెత్తని ముద్ద నిలిచి ఉంటుంది. గ్లాసును బోర్లించినా చుక్క కారదు. శాస్త్రజ్ఞులు దీనిని హైడ్రోజెల్ అంటారు. మన ఊళ్ళలో 'నీళ్ళ పొడి' అంటే చాలు, అర్థమవుతుంది. పసిబిడ్డలకు కట్టే డైపర్లలో ఉండేదీ, ఆసుపత్రిలో కాలిన పుండు మీద వేసే చల్లని పట్టీలో ఉండేదీ, కంటిలో పెట్టుకొనే మెత్తని అద్దంలో ఉండేదీ, చీనీ గుంతలో ఎరువుతో పాటు వేసేదీ అన్నీ ఈ ఒక్క కుటుంబానికి చెందినవే.

ఈ కథ చెప్పటానికి నాకొక కారణం ఉన్నది. ముందుగా అదే చెబుతాను, ఎందుకంటే అందులో తప్పు నాది.

కొన్నేళ్ళ క్రితం అనంతపురం జిల్లాలో మేము రైతులకు ఒక శిక్షణ పెట్టాము. బల్ల మీద గ్లాసు పెట్టి, మినరల్ వాటర్ క్యాను నుంచి నీళ్ళు పట్టి, పొడి వేసి చూపాను. గ్లాసు బోర్లించేసరికి చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో నేను ఒక మాట అన్నాను: "నాలుగు రోజులకొకసారి పెట్టే తడి పది రోజులకు పెట్టినా మొక్కకు ఢోకా లేదు" అని. ఒక పెద్దాయన ఆ మాట నమ్మి, కొత్తగా వేసిన చీనీ తోటలో గుంత గుంతకూ పొడి వేశాడు. తడి పది రోజులకు జరిపాడు. వేసవి వచ్చింది. మొక్కల్లో చాలా భాగం ఎండిపోయాయి.

నేను పోయి చూసేసరికి ఆయన ఒక గుంత తవ్వి చూపాడు. పొడి పొడిగానే ఉన్నది, కాస్త ఉబ్బి ఆగిపోయింది. "ఏం సార్, మీ పొడి క్యాను నీళ్ళకు ఉబ్బుతుందేమో గానీ, మా బోరు నీళ్ళకు ఉబ్బల్యా" అన్నాడు. కోపంగా అన్నది కాదు. అందుకే ఆ మాట నాకింకా గుర్తున్నది. ఆ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతాయి. నేను ఆ నీటితో ముందు ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదు.

ఆ తరువాత ఈ పొడి ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, దేనికి లొంగుతుంది, దేనికి లొంగదు అని చదువుకున్నాను. చదివిన కొద్దీ తెలిసింది ఏమంటే, ఇది మొదటి నుంచీ వ్యవసాయదారుల పంట చుట్టూ నడిచిన చరిత్రే. అందుకనే మీకు చెబుతున్నాను.

ముందు పాలిమరు అంటే ఏమిటో చూద్దాము. చిన్న చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని వందలూ వేలూ వరుసగా నిలిస్తే ఒక పొడుగాటి గొలుసు అవుతుంది. ఆ గొలుసే పాలిమరు. పేరు కొత్తది గానీ వస్తువు కొత్తది కాదు. అన్నం వార్చిన గంజిలో ఉన్నది పాలిమరే. నేతగాడు పడుగుకు పట్టించేదీ దానినే. పత్తి పోగు పాలిమరు. తుమ్మబంక పాలిమరు. ఎండలో వచ్చిన చుట్టానికి సబ్జా గింజలు నానవేసి ఇస్తాము గదా, గింజ చుట్టూ కట్టే ఆ జిగురు గుడ్డు కూడా నీటిని పట్టిన పాలిమరే. ప్రకృతి ఈ విద్యను ఎప్పుడో నేర్చింది. మనిషి నేర్చుకోవటానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1930ల నాటి ఆర్థిక మాంద్యంలో అమెరికా రైతుకు కష్టం వచ్చింది. పంట పండింది, ధర లేదు. మొక్కజొన్న కొనే నాథుడు లేక గాదెల్లో మూలిగింది. తిండికి పోగా మిగిలిన పంటను మరొక సరుకుగా మార్చే ఉపాయం కనిపెట్టాలని అక్కడి ప్రభుత్వం 1938లో ఒక చట్టం చేసి నాలుగు ప్రాంతీయ పరిశోధనశాలలు కట్టించింది. వాటిలో ఒకటి మొక్కజొన్న పండే ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా అనే ఊళ్ళో 1940లో పని మొదలుపెట్టింది. వ్యవసాయ శాఖ వారి పరిశోధనశాలే గానీ, అక్కడి నుంచి వైద్యశాలలకు పోయిన మేలు ఇంతా అంతా కాదు.

మచ్చుకు ఒకటి. రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో 1941 జులైలో ఇంగ్లండు నుంచి ఫ్లోరీ, హీట్లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పెనిసిలిన్ బూజును వెంటబెట్టుకొని పియోరియాకు వచ్చారు. మందు గొప్పదే, కాని చాలినంత తయారు కావటం లేదు. మొక్కజొన్న నుంచి పిండి తీసేటప్పుడు మిగిలిపోయే నానుడు నీటిని అక్కడివారు బూజుకు మేతగా పెట్టారు. దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. 1943లో అదే ఊరి బజారు నుంచి తెచ్చిన బూజు పట్టిన కర్బూజా పండు మీద ఇంకా మంచి రకం బూజు దొరికింది. ఒక వృథా నీరు, ఒక చెడిన పండు, వీటితో లక్షల ప్రాణాలు నిలబడ్డాయి. చెడిపోయిన దానిని పారవేసే ముందు పరిశీలించి చూడటం ఆ పరిశోధనశాలకు అలవాటైంది.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాము. చెరకు రైతులకు ఒక సంగతి తెలుసు. కొట్టిన చెరకును ఎండలో రోజుల తరబడి ఉంచితే రసం జిగురు సాగుతుంది, బెల్లం సరిగా కట్టదు. రసంలో చేరిన ఒక సూక్ష్మజీవి చక్కెరను తిని జిగురు గొలుసులు అల్లుతుంది. ఆ జిగురు పేరు డెక్స్ట్రాన్. ఫ్యాక్టరీవారికి అది శత్రువు, గొట్టాలు పూడ్చి పెడుతుంది. ఆ శత్రువులోనే ఒక మందు ఉన్నదని తెలిసింది. గాయపడి రక్తం పోయిన మనిషికి ముందుగా కావలసింది నాళాలలో ద్రవం నిలబడటం. ఉప్పు నీరు ఎక్కిస్తే అది త్వరగా నాళాల బయటకు జారిపోతుంది. డెక్స్ట్రాన్ గొలుసు సరియైన పొడవుకు కత్తిరించి నీటిలో కలిపి ఎక్కిస్తే అది అంత త్వరగా జారిపోదు. తనతో పాటు నీటిని కూడా నాళంలో నిలిపి ఉంచుతుంది. స్వీడన్ దేశంలో గ్రాన్వాల్, ఇంగెల్మన్ అనే వారు 1940లలో దీనికి దారి చూపారు.

పియోరియాలో ఈ పని పట్టుకున్నది ఆలిన్ జీన్స్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు. టెక్సాస్ రాష్ట్రంలో 1906లో పుట్టిన ఆమె 1941లో ఈ పరిశోధనశాలలో చేరింది. జిగురు సాగి చెడిపోయిన ఒక తీపి పానీయం పరీక్షకు వస్తే, అందులో డెక్స్ట్రాన్ బాగా అల్లే సూక్ష్మజీవి ఆమెకు దొరికింది. 1950 నుంచి 1953 వరకు జరిగిన కొరియా యుద్ధంలో గాయపడిన వారికి డెక్స్ట్రాన్ ఎక్కించారు. 1953లో అమెరికా వ్యవసాయ శాఖ ఆమెను విశిష్ట సేవా పురస్కారంతో గౌరవించింది. నేడు రక్తానికి బదులుగా డెక్స్ట్రాన్ వాడకం తగ్గింది, అంతకంటె మేలైన పద్ధతులు వచ్చాయి. అయినా అది పోలేదు. పందుల పెంపకందారులు పుట్టిన పిల్లలకు రక్తహీనత రాకుండా వేయించే ఇనుము సూది మందులో ఇనుమును పట్టుకొని ఉండేది డెక్స్ట్రానే.

ఆమె చేతిలో రూపు దిద్దుకొన్న రెండవ జిగురు పేరు క్సాంథాన్. క్యాబేజీ తోటలో ఆకు అంచు నుంచి పసుపు పచ్చగా మొదలై, ఈనెలు నల్లబడే తెగులు మీరు చూసే ఉంటారు. నల్ల కుళ్ళు అంటాము. ఆ తెగులు తెచ్చే సూక్ష్మజీవిని తొట్టిలో చక్కెర మేపి పెంచితే చిక్కని జిగురు ఇస్తుంది. దానిని తినే వస్తువులలో కలపవచ్చునని అమెరికా ప్రభుత్వం 1969లో అనుమతి ఇచ్చింది. దగ్గు మందు సీసాలో మందు అడుగున పేరుకోకుండా, పళ్ళ పేస్టు నీరు కారకుండా చూసేది చాలాచోట్ల ఇదే. భూమిలో చమురు బావి తవ్వేటప్పుడు పోసే బురదకు చిక్కదనం ఇచ్చేదీ ఇదే. మనకు తెగులు, వారికి సరుకు.

ఇక మూడవది మన పొడి. మొక్కజొన్న పిండి ధర తక్కువ, నిల్వ ఎక్కువ. దానితో ఇంకేమి చేయవచ్చునని 1970లలో పియోరియాలో వీవర్, బ్యాగ్లీ, ఫాంటా, డోన్ అనే నలుగురు కలిసి ప్రయత్నించారు. మనం మామిడికి అంటు కట్టినట్టే, వారు పిండి గొలుసుకు మరొక గొలుసు అంటు కట్టారు. పెట్రోలియం నుంచి వచ్చే అక్రిలోనైట్రైల్ అనే వస్తువుతో చేసిన గొలుసది. తరువాత ఆ అంటును క్షారంలో ఉడికించారు. ఎండబెట్టి పొడి చేస్తే అది తన బరువుకు కొన్ని వందల రెట్లు మంచి నీటిని తాగింది! ఈ పనికి వారికి 1976లో పేటెంటు దక్కింది. ఆ పొడికి వాడుకలో 'సూపర్ స్లర్పర్' అని పేరు పడింది. జుర్రుకొని తాగే మొనగాడు అన్నమాట. విత్తనానికి పూతగా, పుండ్ల మీద చెమ్మ పీల్చటానికి, పెట్రోలులో చేరిన నీటిని వడగట్టటానికి దానిని పరీక్షించారు.

అది నీటిని ఎలా పడుతుందో ఇక్కడే చెప్పాలి. నా తప్పు కూడా ఇక్కడే ఉన్నది. క్షారంలో ఉడికినప్పుడు గొలుసు పొడవునా రుణ విద్యుత్తు గల ముళ్ళు మొలుస్తాయి. ప్రతి ముల్లు దగ్గరా ఒక సోడియం కణం కాపలా ఉంటుంది. పొడి లోపల ఈ కణాలు కిక్కిరిసి ఉన్నవి, బయట మంచి నీటిలో లేవు. రెండు వైపులా సమం చేయటానికి నీరు లోపలికి తోసుకు వస్తుంది. ముళ్ళు ఒకదానినొకటి నెట్టుకొని గొలుసులు విచ్చుకుంటాయి. గొలుసులు అక్కడక్కడ ముడిపడి ఉన్నందున కరిగిపోవు, ఉబ్బుతాయి. వల నిండా నీరే గాని వల తెగదు.

మరి బయటి నీరే ఉప్పునీరు అయితే? బయట కూడా కణాలు ఉన్నవి గనుక నీటికి లోపలికి రావలసిన తొందర ఉండదు. ఆ నీటిలో సున్నపు ఖనిజం, మెగ్నీషియం ఉంటే ఇంకా కష్టం. అవి ఒక్కొక్కటి రెండేసి ముళ్ళను పట్టుకొని గొలుసులను దగ్గరకు లాగి కుట్టేస్తాయి. మంచి నీటిలో వందల రెట్లు ఉబ్బిన పొడి, చవ్వ నీటిలో అందులో చిన్న భాగమే ఉబ్బుతుంది. ఏళ్ళు గడిచే కొద్దీ నేలలోని సున్నం చేరి ఇంకా బిగుసుకుంటుంది. ఆ పెద్దాయన గుంతలో జరిగింది ఇదే. పొడిలో లోపం లేదు. నేను చెప్పిన మాటలో ఉన్నది.

కథలో ఇంకొక మలుపు ఉన్నది. పియోరియా వారి పొడి దారి చూపింది. 1978లో జపాను దేశంలో ఇటువంటి పొడిని స్త్రీల నెలసరి ప్యాడ్లలో వాడటం మొదలుపెట్టారు. 1980లలో పసిబిడ్డల డైపర్లలోకి వచ్చింది. అయితే గిరాకీ పెరిగే సరికి కంపెనీలు పిండి లేకుండా, పూర్తిగా పెట్రోలియం నుంచి చేసే పాలీఅక్రిలేట్ వైపు తిరిగాయి. అది చౌకగా, ఒకే తీరుగా తయారవుతుంది. మొక్కజొన్న రైతును ఆదుకోవటానికి మొదలైన పని చివరకు చమురు బావికి లాభం తెచ్చిపెట్టింది. పిండిని నేలలోని సూక్ష్మజీవులు తినివేస్తాయి, అక్రిలిక్ గొలుసును అంత తేలికగా తినలేవు. ఈనాడు చెత్త కుప్పల్లో డైపర్లు చివకకుండా పడి ఉండటానికి ఇది కూడా ఒక కారణం.

వైద్యం వైపు దారి ఇంకా ముందే తెరుచుకొన్నది. చెకోస్లొవేకియా దేశంలో ఒట్టో విఖ్టర్లె, ద్రహొస్లావ్ లీమ్ అనే వారు మనిషి ఒంటికి పడే నీటి జెల్ గురించి 1960లో ప్రకటించారు. మరుసటి సంవత్సరం చివర విఖ్టర్లె తన ఇంట్లోనే పిల్లల ఆటబొమ్మల ఇనుప ముక్కలతో ఒక యంత్రం బిగించి, దాని మీద మెత్తని కంటి అద్దాలు తిప్పి తీశాడు. నేటి కాంటాక్టు అద్దాలకు మూలం అదే. ఒంటిలోని నీటితో కలిసిపోయి ఉండే వస్తువు ఒంటిని ఒరుసుకోదు అనే సూత్రం మీదనే కాలిన గాయాల పట్టీలు, మందును కొంచెం కొంచెంగా వదిలే గుళికలు వచ్చాయి.

ఇక మన దేశం సంగతి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థను మన రైతులు 'పూసా' అనే పేరుతోనే ఎరుగుదురు. ఆ సంస్థ 1905లో బీహారులోని పూసా అనే ఊళ్ళో పుట్టింది, 1934 భూకంపం తరువాత 1936లో ఢిల్లీకి చేరింది. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు మొక్కల పీచును, అనగా సెల్యులోజును, ఆధారం చేసుకొని మన ఎండలకు తగినట్టు 'పూసా హైడ్రోజెల్' తయారు చేశారు. నేల వేడి 40, 50 డిగ్రీలు ఉన్నా పనిచేయాలన్నది వారి ఉద్దేశం. మంచి నీటిలో అది తన బరువుకు 350 రెట్లు, ఆపైన నీరు పట్టగలదు. హెక్టారుకు రెండున్నర నుంచి అయిదు కిలోలు, అంటే ఎకరానికి కిలో నుంచి రెండు కిలోలు వేయమని సిఫారసు.

ఇప్పుడు లెక్క వేయండి. రెండు కిలోలు 350 రెట్లు పట్టినా ఏడు వందల లీటర్లు. ఎకరంలో ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే నలభై వేల లీటర్లు! కనుక ఈ పొడి పొలానికి చెరువు కాదు. వేరు దగ్గర, వేరు మొలిచే సమయంలో పెట్టిన చిన్న కుండ. సాలులో విత్తనంతో పాటు, నారు వేరు ముంచే ముద్దలో, మొక్క నాటే గుంతలో వేర్లకు దగ్గరగా పడితేనే దానికి విలువ. నేల మొత్తం మీద చల్లితే డబ్బు చల్లినట్టే. ఈ లెక్క శిక్షణ నాడు నేను వేసి చూపి ఉంటే, పది రోజుల మాట నా నోట వచ్చేదే కాదు.

కనుక వాడదలచిన వారు ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోవలెను.

మొదటిది, రెండు గ్లాసుల పరీక్ష. ఒక గ్లాసులో వాన నీరు, ఒక గ్లాసులో మీ బోరు నీరు సమంగా పోయండి. రెండింటిలో సమంగా కొద్ది కొద్దిగా పొడి వేయండి. గంట ఆగి చూడండి. బోరు గ్లాసులో ముద్ద బాగా చిన్నదిగా ఉంటే ఆ పొడి మీ నీటికి తగదు. దుకాణదారు చూపే గ్లాసును నమ్మవద్దు, నేను చూపే గ్లాసును కూడా నమ్మవద్దు.

రెండవది, ఇసుక నేలకు, ఎర్ర గరుసు నేలకు దీని మేలు ఎక్కువ. నల్లరేగడి తనంతట తానే నీటిని పట్టి ఉంచుతుంది, అక్కడ మేలు తక్కువ.

మూడవది, పొటాషు వంటి ఉప్పు జాతి ఎరువును పొడితో కలిపి ఒకే చోట పోయవద్దు, ఉబ్బు తగ్గుతుంది. యూరియాతో అంత ఇబ్బంది లేదు.

నాల్గవది, సంచి మీద ఏ జాతి పాలిమరో చదవండి. అక్రిలమైడ్ అనే మూల వస్తువు నాడులకు హాని చేస్తుంది. గొలుసుగా మారిన తరువాత ఆ భయం తక్కువ గాని, మిగులు లేకుండా శుద్ధి చేసిన సరుకేనా అని అడిగే హక్కు మీకున్నది. పేరు లేని సంచి కొనవద్దు. పొడి వేశాము గదా అని మొదటి ఏడు తడి తగ్గించవద్దు; పక్కనే నాలుగు సాళ్ళు పొడి లేకుండా ఉంచి పోల్చి చూడండి.

చివరగా ఒక్క మాట. ఈ కథలో వచ్చిన మూల వస్తువులు మన దగ్గర లేనివి కావు. పెద్దాపురం చుట్టుపక్కల కర్రపెండలం పిండి ఉన్నది. వర్షాధారపు చేలల్లో గోరుచిక్కుడు పండుతుంది. దాని గింజ బంకకు ప్రపంచమంతా గిరాకీ ఉన్నది. కోస్తాలో రొయ్య పెంకు గుట్టలుగా పడుతుంది. ఆ పెంకులోని కైటిన్ కూడా పాలిమరే. దాని నుంచి తీసే కైటోసాన్ మురికి నీటిలోని మట్టిని పేర్చి దించుతుంది, రక్తం కారే గాయాన్ని ఆపే పట్టీలలో వాడతారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనా సంస్థ వారు పెంకు నుంచి దీనిని తీసే పద్ధతిని రూపొందించి ఉన్నారు. పియోరియాలో జరిగినది మళ్ళీ జరగకుండా, అనగా రైతు పంటతో మొదలై రైతును దాటిపోకుండా చూసుకోవటం మనందరి పని.

ఆ పెద్దాయన దగ్గరకు నేను మళ్ళీ వెళ్ళాను. వానకాలంలో పట్టి ఉంచిన వాన నీటి సీసా, ఆయన బోరు నీటి సీసా, రెండు గ్లాసులు తీసుకుపోయాను. ఆయన వాకిట్లోనే పరీక్ష చేసి చూపాను. రెండు ముద్దలనూ ఆయన చాలాసేపు చూశాడు. "ఇది ముందే చూపించింటే సరిపోయేది గదా సార్" అన్నాడు. అవును, సరిపోయేది. ఎండిన గుంతల్లో మళ్ళీ మొక్కలు పెట్టాడు. ఈసారి పొడి లేదు. మొక్క మొదట్లో వేరుశనగ పొట్టు పరచి, తడి ఎప్పటి వలెనే పెట్టుకొన్నాడు. మొక్కలు నిలిచాయి.

అప్పటి నుంచి ఏ ఊరికి శిక్షణకు పోయినా ఆ ఊరి బోరు నీళ్ళే ముందు అడిగి తెప్పించుకుంటున్నాను. మీ ఊరికి వచ్చినప్పుడు నేను మరచిపోతే, మీరే ఒక చెంబుడు తెచ్చి నా ముందు పెట్టండి.